రంగం నుంచి వచ్చిన రుచి

గాజువాక హోటల్లో పిల్లలు నూడుల్స్ సలాడ్ తెప్పిస్తే "ఇదేం విదేశీ తిండర్రా!" అని మొహం చిట్లిస్తున్నారా? కాస్త ఆగండి. బర్మాలో దాన్ని "ఖౌస్వే థోక్" అంటారు. థోక్ అంటే చేత్తో కలపడం. మన పులిహోర కలపమూ, అలాగే! చింతపండు పులుసు, వేయించిన శనగపిండి, వెల్లుల్లి కాచిన నూనె, ఉల్లిపాయలు, కారం. మన వంటింట్లో లేనిదేముంది?

పూర్వం మనవాళ్ళు కాకినాడ, విశాఖ, భీమిలి రేవుల్లో స్టీమరెక్కి "రంగం" పోయేవారు. రంగమంటే రంగూన్. అక్కడి రేవులో బరువులు మోసి, ధాన్యం మిల్లుల్లో చెమటోడ్చారు. కాకినాడ దగ్గరి కోరంగి పేరుమీద తెలుగువాళ్ళని "కోరంగీలు" అనేవారు. 1941 డిసెంబరులో రంగూన్ మీద జపాను బాంబులు పడ్డాక వేలమంది అడవులూ కొండలూ దాటి నడిచొచ్చారు. దారిలోనే కన్నుమూసినవాళ్ళెందరో! 1962లో సైనిక ప్రభుత్వం వచ్చి, 1964లో దుకాణాలు జాతీయం చేశాక మళ్ళీ వలస. విశాఖ కంచరపాలెం వైపున్న "బర్మా క్యాంపు" పేరు ఆ వలసల గుర్తే.

కూడబెట్టిందంతా అక్కడే వదిలొచ్చినా, కలిపే చెయ్యి మాత్రం వెంటే వచ్చింది. చెన్నైలో బర్మా నుంచి వచ్చిన తమిళులు బండిమీద "అత్తో" అని అమ్మి బతుకు నిలబెట్టుకున్నది ఈ నూడుల్స్‌తోనే.

ఈసారి ఓ ముద్ద తిని చూడండి. ఆ పులుపు మనకి కొత్తదేం కాదు.