మందుపాతర పేలితే జవాన్‌ను అడవి నుంచి ఎలా తెస్తారు? దుమ్ముగూడెం సరిహద్దులో ప్రాణాలు నిలిపే ఏర్పాట్లు ఇవీ..

‘సరిహద్దు అడవుల్లో మందుపాతర పేలుడు.. జవాన్లకు గాయాలు.. మెరుగైన చికిత్స కోసం తరలింపు.’ దుమ్ముగూడెం, చర్ల వైపు నుంచి వచ్చే బ్రేకింగ్‌లో ఈ లైన్ మనం చాలాసార్లు చూశాం. కానీ ‘తరలింపు’ అనే ఆ ఒక్క మాట వెనుక పెద్ద కథే ఉంటుంది. అడవిలో జవాన్ల వెంట డాక్టర్ ఉంటాడా? హెలికాప్టర్ ఎవరు పిలుస్తారు? ఎవర్ని ముందు ఎక్కించాలో ఎవరు చెబుతారు? ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు ఆ నేల సంగతి

భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని దుమ్ముగూడెం మండలం 2016కు ముందు ఖమ్మం జిల్లాలో ఉండేది. ఒకపక్క గోదావరి, మరోపక్క ఛత్తీస్‌గఢ్ అడవి. మండల కేంద్రం నుంచి భద్రాచలం ఏరియా ఆస్పత్రికి సుమారు 25 కిలోమీటర్లు. పెద్ద సర్జరీలు, స్పెషలిస్టులు కావాలంటే హైదరాబాద్.. భద్రాచలం నుంచి 300 కిలోమీటర్లకు పైమాటే. వానాకాలంలో వాగులు పొంగితే లెక్క మారిపోతుంది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరినప్పుడు రోడ్లు మునిగి ఈ మండలాలకు రాకపోకలే ఆగిపోయాయి.

ఇక్కడ పనిచేసేది ఆర్మీ కాదు. సీఆర్పీఎఫ్, దానిలోని కోబ్రా దళాలు, రాష్ట్ర పోలీసులు, 1989లో ఏర్పడిన గ్రేహౌండ్స్. అయితే గాయపడినవాళ్లను కాపాడే పద్ధతి మాత్రం సైన్యం పద్ధతికి దగ్గరగానే ఉంటుంది.

మొదటి పది నిమిషాలు: డాక్టర్ కాదు, పక్కనున్న జవానే

మందుపాతర మీద కాలు పడితే ప్రాణం తీసేది ఎక్కువగా రక్తస్రావమే. తొడ దగ్గర పెద్ద రక్తనాళం తెగితే కొన్ని నిమిషాల్లోనే మనిషి చనిపోవచ్చు. ఆ టైమ్‌కి ఏ డాక్టరూ రాలేడు. అందుకే జవాన్లను జంటలుగా పంపుతారు. ఇద్దరికీ ప్రథమ చికిత్సలో ట్రైనింగ్ ఉంటుంది. గాయానికి పైభాగంలో పట్టీ బిగించి రక్తం ఆపడం, బిగించిన టైమ్ రాసి పెట్టడం మొదటి పని. పట్టీ గంటల తరబడి అలాగే ఉంటే కాలికే ముప్పు. తర్వాత చూసే డాక్టర్‌కు ఆ టైమ్ తప్పకుండా తెలియాలి.

ఇందులోనే ఒక ప్రమాదం పొంచి ఉంటుంది. ఒక బాంబు పక్కనే ఇంకోటి పెట్టి ఉంటారు. సాయానికి పరిగెత్తినవాడు దాని మీద కాలేస్తాడు. 2025 మేలో కర్రెగుట్టల ఆపరేషన్‌లో గాయపడిన సహచరుడిని కాపాడబోయిన ఒక కోబ్రా అధికారి ఇలాగే కాలు పోగొట్టుకున్నారు. అందుకే ముందు దారి చెక్ చేయాలి, ఆ తర్వాతే మనిషి దగ్గరకు వెళ్లాలి. కళ్ల ముందు స్నేహితుడు అరుస్తుంటే ఆగడం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు.

రెండో మెట్టు: దళంతో నడిచే నర్సింగ్ సిబ్బంది

ఒక్కో బెటాలియన్‌కు ఆరేడు కంపెనీలు, అవి వేర్వేరు క్యాంపుల్లో ఉంటాయి. డాక్టర్ అన్ని చోట్లా ఉండలేడు. అందుకే నర్సింగ్ ట్రైనింగ్ ఉన్న సిబ్బంది దళంతో పాటు నడుస్తారు. నొప్పి తగ్గించడం, సెలైన్ ఎక్కించడం, విరిగిన ఎముకకు బద్ద కట్టడం వీళ్ల పని.

ఆ తర్వాత మోసుకెళ్లడం. స్ట్రెచర్‌కు నలుగురు, మార్చుకోవడానికి ఇంకో నలుగురు, చుట్టూ కాపలాకు మరికొందరు. అంటే ఒక్కరు గాయపడితే దాదాపు ఒక దళం పని ఆగిపోయినట్టే.

మూడో మెట్టు: యూనిట్ హాస్పిటల్, మెడికల్ ఆఫీసర్

బెటాలియన్‌కు సొంత ఆస్పత్రి ఉంటుంది. దాన్ని నడిపేది మెడికల్ ఆఫీసర్, అసిస్టెంట్ కమాండెంట్ ర్యాంకుతో సర్వీసులో చేరే డాక్టర్. ఈయన పని గాయాలకు కుట్లు వేయడంతో అయిపోదు. ఆపరేషన్‌కు ముందే ఎవరు ఫిట్, ఎవరికి జ్వరం, ఎన్ని నీళ్లు మోయాలి, పాముకాటు మందు ఎక్కడుంది, ఏ రక్తం గ్రూపు వాళ్లు ఎందరు.. ఇవన్నీ చూసుకోవాలి.

నాలుగో మెట్టు: హెలికాప్టర్, పెద్దాస్పత్రి

ఎయిర్‌ఫోర్స్ ఎంఐ-17లు, బీఎస్ఎఫ్ ధ్రువ్ హెలికాప్టర్లు ఈ పనికి వస్తాయి. చెట్లు లేని చదునైన చోటు దొరకాలి, చుట్టూ జవాన్లు కాపలా కాయాలి, పొగ వదిలి గాలి దిశ చూపాలి. చీకటి పడినా, మబ్బు కమ్మినా లెక్క తప్పుతుంది. ఛత్తీస్‌గఢ్ వైపు అయితే బీజాపూర్, జగదల్‌పూర్, రాయపూర్.. తెలంగాణ వైపు అయితే భద్రాచలం, వరంగల్, హైదరాబాద్. సీఆర్పీఎఫ్‌కు హైదరాబాద్‌లో సొంత కాంపోజిట్ హాస్పిటల్ కూడా ఉంది.

మరి నాయకుడు ఎవరు?

అసలు ప్రశ్న ఇదే. పద్ధతి ప్రకారం చికిత్స విషయంలో డాక్టర్ మాట చెల్లుతుంది. దళం ఆగాలా, వెనక్కి రావాలా, హెలికాప్టర్ ఏ చోట దిగాలి అనేది కమాండర్ నిర్ణయం. ‘ఇతనికి గంట కంటే టైమ్ లేదు’ అని డాక్టర్ చెప్పగలడు. ఆ గంటలో బయటికి తేవాలంటే ఎంతమంది ప్రాణాలు పణంగా పెట్టాలో తూకం వేసేది కమాండర్. ఈ ఇద్దరి మధ్య మాట స్పష్టంగా లేకపోతే నష్టపోయేది స్ట్రెచర్ మీద ఉన్నవాడే.

2013 జనవరిలో సుక్మా జిల్లాలో జరిగిన ఘటన దీనికి ఉదాహరణ. క్షతగాత్రుల కోసం వెళ్లిన ఎంఐ-17పై మావోయిస్టులు కాల్పులు జరిపారు. హెలికాప్టర్ అడవిలోనే దిగాల్సి వచ్చింది. సిబ్బంది దగ్గర్లోని క్యాంపుకు చేరుకున్నారు. గాయపడిన పోలీసు ఒకరు మాత్రం హెలికాప్టర్‌లోనే ఉండిపోయారు. తర్వాత బలగాలు వెళ్లి ఆయన్ను తీసుకొచ్చాయి. దేశమంతా చర్చ జరిగింది. గాయపడినవాడి బాధ్యత ఏ క్షణంలో ఎవరిది అన్నది ముందే తేలి ఉండాలని ఆ ఘటన గట్టిగా చెప్పింది.

ఒకేసారి చాలామందికి గాయాలైతే వరుస నిర్ణయించేది వైద్య సిబ్బందే. ఎరుపు అంటే వెంటనే, పసుపు అంటే కాసేపు ఆగొచ్చు, ఆకుపచ్చ అంటే నడవగలడు, నలుపు అంటే ఆశ లేదు. ర్యాంకు చూడరు, గాయమే చూస్తారు. నెపోలియన్ సైన్యంలో సర్జన్‌గా ఉన్న లారే ఈ సూత్రానికి ఆద్యుడిగా పేరు పొందాడు. అమెరికా అంతర్యుద్ధంలో 1862లో డాక్టర్ లెటర్‌మన్ అంబులెన్సులను వైద్యాధికారుల చేతికే అప్పగించేలా చేశాడు. నేటి ఏర్పాట్లకు పునాది అదే.

ఆర్మీలో ఎలా?

అక్కడ మెట్లు ఇంకా స్పష్టం. రెజిమెంటల్ ఎయిడ్ పోస్ట్, ఆ తర్వాత అడ్వాన్స్‌డ్ డ్రెస్సింగ్ స్టేషన్, ఆపై ఫీల్డ్ హాస్పిటల్, చివరికి మిలిటరీ హాస్పిటల్. కొరియా యుద్ధం జరుగుతున్నప్పుడు భారత్ పంపింది తుపాకీ పట్టే బలగాన్ని కాదు, 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ అనే వైద్య దళాన్ని. దాన్ని నడిపిన లెఫ్టినెంట్ కల్నల్ ఏజీ రంగరాజ్‌కు మహావీర్ చక్ర దక్కింది.

తూటా కంటే ముందు ఎండ, దోమ

ఇక్కడ శత్రువు తుపాకీ ఒక్కటే కాదు. 2025 ఏప్రిల్ 21 నుంచి మే 11 వరకు 21 రోజులు సాగిన కర్రెగుట్టల ఆపరేషన్‌లో ఐఈడీలు పేలి 18 మంది జవాన్లు గాయపడ్డారు. కానీ 45 డిగ్రీలు దాటిన ఎండలో డీహైడ్రేషన్ పాలైనవాళ్లు చాలామంది ఉన్నారని కేంద్రమే చెప్పింది. అంటే అక్కడ ఓఆర్ఎస్ ప్యాకెట్, నీళ్ల క్యాన్ కూడా ఆయుధాలే. వాటిని గుట్ట పైకి చేర్చడం కూడా వైద్యంలో భాగమే.

వానలు పడితే మలేరియా. మెదడుకు పాకే ఫాల్సిపేరం రకం మరీ ప్రమాదకరం. దోమే మలేరియాను మోస్తుందన్న గుట్టు విప్పింది కూడా ఒక సైనిక వైద్యుడే, అదీ మన దగ్గరే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో ఆ పరాన్నజీవిని కనిపెట్టాడు.

మరి ఊళ్లలో వాళ్లకు?

మందుపాతరకు యూనిఫాం తెలియదు. 2024 జూన్‌లో ములుగు జిల్లా వాజేడు మండలంలో కట్టెల కోసం వెళ్లిన వ్యక్తి బాంబు పేలి చనిపోయాడు. అతని పక్కన ట్రైనింగ్ పొందిన జంట జవాన్ ఉండడు, హెలికాప్టర్ రాదు. మంచం మీద మోసుకురావడం, 108 కోసం రోడ్డు దాకా చేరడం.. కోయ గూడేల్లో నేటికీ ఇదే దారి.

రోడ్డు లేని చోట్ల కోసం డీఆర్‌డీవోకు చెందిన ఇన్మాస్ సంస్థ ‘రక్షిత’ అనే బైక్ అంబులెన్స్ తయారు చేసింది. 2021 జనవరి 18న ఇలాంటివి 21 సీఆర్పీఎఫ్‌కు అందాయి. సరిహద్దు క్యాంపుల్లో గ్రామస్తులకు వైద్య శిబిరాలూ పెడుతున్నారు. అవి మంచి పనులే. కానీ రక్తం ఆపడం, బద్ద కట్టడం, టైమ్ రాసి పెట్టడం లాంటివి ఆశా కార్యకర్తలకు, గూడెం యువతకు కూడా నేర్పితే ఆ మొదటి పది నిమిషాలు ఊరికీ దక్కుతాయి. పెద్దాస్పత్రి ఎంత గొప్పదైనా, మనిషి అక్కడిదాకా ప్రాణంతో చేరితేనే కదా పనికొచ్చేది!