శాసనాల తిరుపతి: కొన్ని పదాలకు వ్యాఖ్య

తిరుపతి వైభవం అనగానే అందరూ కృష్ణదేవరాయల దగ్గర మొదలుపెడతారు. 1514లో ఉదయగిరి గెలిచి వస్తూ ఆయన స్వామికి 30,000 బంగారు నాణేలతో కనకాభిషేకం చేసిన మాట నిజమే. కానీ ఊరికి ఏడాది పొడవునా కూడు పెట్టింది వేరే ఏర్పాటు. అది గుడి గోడల మీద, ఎక్కువగా అరవంలో చెక్కిన ఒప్పందాల్లో కనబడుతుంది.

నందావిళక్కు: ఆరని దీపం. దీనికి దాత ఇచ్చేది మంద. తిరుమలలో ఒక దీపానికి 32 ఆవులు, ఒక ఆంబోతు ఇచ్చేవారు. చోళుల ఏలుబడిలో తమిళదేశంలో 96 గొర్రెలు ఇవ్వడం పరిపాటి. వాటిని చావని, ముసలివి కాని గొర్రెలని రాసుకున్నారు. చచ్చినదాని స్థానంలో పిల్లను చేర్చి మంద లెక్క తగ్గకుండా చూడాలన్నమాట. కవిత్వంలా వినిపించినా, కరణం రాసిన షరతు ఇది.

తిరువిడైయాట్టం: స్వామి పేరున ఉన్న ఊళ్లు, పొలాలు. పల్లవ వంశపు సామవై స్వామికి వెండిమూర్తితో పాటు భూమి కూడా ఇచ్చింది. తర్వాత స్థానిక ప్రభువులైన యాదవరాయలు, విజయనగర రాజులు ఊళ్లకు ఊళ్లే రాసిచ్చారు. భూమి ఉంటే చాలదు, నీరు పారాలి. అందుకే విజయనగర కాలంలో దాతలు ఇచ్చిన నగదును ఈ ఊళ్లలో చెరువులకు, కాలువలకు పెట్టారు. పెరిగిన పంటతో దాత కోరిన రోజున నైవేద్యం జరిగేది. ముడుపు హుండీలో నిద్రపోలేదు, మడికి నీరైంది.

విట్టవన్ విళుక్కాడు: నివేదించిన ప్రసాదంలో దాతకు చెందే నాలుగో వంతు. నా దృష్టిలో ఊరి కీలకమంతా ఇక్కడే ఉంది. దాత ఎక్కడో రాజధానిలో ఉంటాడు, ప్రసాదం ఇక్కడ రోజూ వస్తుంది. ఆ వాటాను సంతానానికో, మఠానికో, సత్రానికో రాసేవాడు. కొంత యాత్రికులకు అమ్ముడయ్యేది. అలా ఒక దానం మీద ఎన్నో పొయ్యిల బతుకు ఆధారపడింది. ఇలాంటి దాతల్లో అన్నమయ్య కొడుకు పెదతిరుమలాచార్యులూ ఉన్నాడు.

స్థానత్తార్: గుడి తరఫున మాట ఇచ్చే పెద్దలు. దాత రాజోద్యోగి అయినా వర్తకుడైనా ఒప్పందం వీళ్లతోనే.

రామానుజకూటం: యాత్రికులైన శ్రీవైష్ణవులకు అన్నం పెట్టే సత్రం. తర్వాత విజయనగర రాజైన సాళువ నరసింహుడు తిరుపతిలోను, కొండమీద కూడా వీటిని నెలకొల్పి, శ్రీవైష్ణవ గురువు కందాడై రామానుజయ్యంగారి చేతికి అప్పగించాడు. ఆయన శిష్యుల్లో బ్రాహ్మణేతరులైన సాత్తాద వైష్ణవులు ఉన్నారు. పూలతోటల పని చూసే వాళ్లకూ ప్రసాదంలో వాటా రాయించాడాయన. రాజు అండ, మఠం పలుకుబడి కలిస్తేనే గోడమీదికి ఎక్కిన హక్కు అది.