పేలుడుకు దూరం, పుకారుకు దగ్గర: ఉగ్రదాడి వేళ సామాన్యుడు

2007 మార్చి 4, హోలీ పండుగ రోజు. జంషెడ్‌పూర్‌కు తూర్పున, ఘాట్‌శిల దగ్గరి బాగుడియా గ్రామంలో ఫుట్‌బాల్ పోటీ జరుగుతోంది. జంషెడ్‌పూర్ లోక్‌సభ సభ్యుడు, ఝార్ఖండ్ ముక్తి మోర్చా నాయకుడు సునీల్ మహతో ముఖ్య అతిథిగా వచ్చారు. జనంలో కలిసిపోయి వచ్చిన మావోయిస్టులు ఆయన్ను అక్కడే కాల్చి చంపారు. అంగరక్షకులూ ప్రాణాలు కోల్పోయారు. పార్టీ బంద్‌కు పిలుపునిచ్చింది. కొన్ని నెలలకు జరిగిన ఉప ఎన్నికలో ఆయన భార్య సుమన్ మహతో గెలిచి పార్లమెంటుకు వెళ్లారు.

ఇలాంటి ఘటన మీద జరిగే చర్చంతా చంపినవారి చుట్టూ, చనిపోయినవారి చుట్టూ తిరుగుతుంది. మైదానం గట్టున నిలబడి ఆట చూస్తున్న మనిషిని ఎవరూ పట్టించుకోరు. అతడు ఆ క్షణంలో ఏం చేస్తాడు, మర్నాడు ఏం చేస్తాడు, వంద మైళ్ల అవతల టీవీలో ఆ వార్త చూసిన అతడి బంధువు ఏం చేస్తాడు అన్నవి మూడు వేర్వేరు ప్రశ్నలు. మూడింటికీ ఒకటే జవాబు ఉంటుందనుకోవడం వల్లే ‘జనం భయపడిపోయారు’, ‘జనం ధైర్యంగా నిలబడ్డారు’ వంటి మాటలతో సరిపెట్టుకుంటున్నాం. దాడి జరిగిన చోటికి మనిషి ఎంత దూరంలో ఉన్నాడు, ఆ దాడి ఒక్కసారితో ముగిసిపోయిందా, రేపు మళ్లీ తలుపు తట్టేదా అన్నదాన్ని బట్టే అతడి నడవడి మారుతుందని ఈ వ్యాసం వాదన.

దీన్ని పరిశీలించడానికి బిర్సానగర్ అనువైన చోటు. జంషెడ్‌పూర్ తూర్పు అంచున, టెల్కో కాలనీ పక్కన, జోన్ నంబర్లతో గుర్తుపట్టే పెద్ద బస్తీ అది. భగవాన్ బిర్సా ముండా పేరు పెట్టుకున్న ఆ ప్రాంతం, యాజమాన్య హక్కు కోసం ఏళ్ల తరబడి అడుగుతున్న 86 బస్తీల్లో ఒకటి. అక్కడి సండే మార్కెట్‌లో హిందీ, బెంగాలీ, ఒడియా, సంతాలీ, భోజ్‌పురీలతో పాటు తెలుగూ వినిపిస్తుంది. ఉక్కు కంపెనీ పనికని శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తరలివచ్చిన కుటుంబాలు జంషెడ్‌పూర్‌లో తరాలుగా ఉన్నాయి. ఒకవైపు మావోయిస్టుల అలజడి చూసిన ఘాట్‌శిల, డుమరియా అడవులు. ఇంకోవైపు చదువుకో ఉద్యోగానికో పిల్లలు వెళ్లే హైదరాబాద్, విశాఖ. ఇలాంటి బస్తీకి దాడి ముందుగా ఫోన్లో చేరుతుంది.

దాడికి దగ్గరగా ఉన్నవాళ్ల నుంచే మొదలుపెడదాం. 2007 ఆగస్టు 25, శనివారం సాయంత్రం హైదరాబాద్‌లో లుంబినీ పార్కులో ఒకటి, కోఠిలోని గోకుల్ చాట్‌లో మరొకటి, నిమిషాల తేడాతో బాంబులు పేలాయి. నలభై మందికి పైగా చనిపోయారు. వారిలో మహారాష్ట్రలోని సంగమనేర్ నుంచి విహారయాత్రకు వచ్చిన ఇంజనీరింగ్ విద్యార్థులున్నారు. దిల్‌సుఖ్‌నగర్‌లో పేలని మూడో బాంబు దొరికింది. ఆరేళ్లు తిరగకుండానే, 2013 ఫిబ్రవరి 21న, అదే దిల్‌సుఖ్‌నగర్‌లో సైకిళ్లకు అమర్చిన రెండు బాంబులు పేలాయి. కోచింగ్ సెంటర్ల కోసం జిల్లాల నుంచి వచ్చి అద్దె గదుల్లో ఉంటూ ఉద్యోగ పరీక్షలకు చదువుకుంటున్నవాళ్లు ఆ రోడ్డు మీద బస్సుల కోసం, టిఫిన్ కోసం నిలబడే వేళ అది. ఈ దాడులు వేటిలోనూ క్షతగాత్రులకు మొదటి ఆసరా యూనిఫాం వేసుకున్నవాళ్లు కాదు. పక్క దుకాణంవాళ్లు, ఆటోడ్రైవర్లు, దారిన పోయేవాళ్లు. రెండో బాంబు ఉండొచ్చన్న ఆలోచన వచ్చేలోపే వాళ్లు చేతులు అందించారు.

ఇది హైదరాబాద్ ప్రత్యేకతని మనం గర్వపడవచ్చు గానీ, నిజానికి మనిషి ప్రత్యేకత. 2005 జులై 7న లండన్ రైళ్లలో, బస్సులో జరిగిన పేలుళ్లలో 52 మంది చనిపోయారు. బతికి బయటపడినవారి మాటలను సామాజిక మనస్తత్వవేత్త జాన్ డ్రూరీ, ఆయన సహచరులు సేకరించి విశ్లేషించారు. చీకటి సొరంగంలో, పొగలో చిక్కుకున్న అపరిచితులు ఒకరికొకరు నీళ్లిచ్చుకున్నారు, గాయాలకు గుడ్డలు కట్టారు, వరసగా బయటికి నడిచారు. తొక్కుకుంటూ పారిపోవడం, తన ప్రాణమే చూసుకోవడం చాలా అరుదుగా కనిపించింది. ఒకే ఆపదలో చిక్కామన్న ఎరుక, క్షణం ముందు వరకు ముఖం కూడా చూసుకోనివాళ్లను ఒక జట్టు చేసిందని డ్రూరీ బృందం వివరించింది. జనం అంటేనే గొర్రెల మంద అనుకునే అధికారులు ఈ పరిశోధనను చదవాలి. వదంతులు లేస్తాయన్న భయంతో సమాచారం దాచిపెట్టే అలవాటు, నిజానికి ఆ జట్టుకు అందాల్సిన సాయాన్నే దూరం చేస్తుంది.

మర్నాడు కథ వేరు. 2007 మే 18, శుక్రవారం నమాజు వేళ మక్కా మసీదులో బాంబు పేలి తొమ్మిది మంది చనిపోయారు. ఆ తర్వాత చెలరేగిన గొడవలో పోలీసు కాల్పులకు మరో అయిదుగురు బలయ్యారు. దర్యాప్తు పేరుతో పాతబస్తీ యువకులను పదుల సంఖ్యలో పట్టుకెళ్లారు. తమ ప్రార్థనాస్థలంలోనే బాంబు పేలినవాళ్లు అనుమానితులుగా స్టేషన్ మెట్లెక్కడం ఆ కుటుంబాలకు రెండో దెబ్బ. కోర్టుల్లో నిర్దోషులుగా తేలినవారికి 2012 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పరిహారమూ, మచ్చలేదని చెప్పే ధ్రువపత్రాలూ ఇచ్చింది. ఆ పరిహారం ఉత్తర్వులను మరుసటి ఏడాది హైకోర్టు కొట్టేసింది. ఆ పత్రాల అవసరం ఎందుకొచ్చిందో ఆలోచించాలి. కోర్టు వదిలేసినా ఇల్లు అద్దెకిచ్చేవాడు, ఉద్యోగమిచ్చేవాడు వదలలేదు. సామాన్యుడి ప్రతిస్పందనలో ఇదీ ఒక భాగం. గాయపడినవాణ్ని ఆటోలో ఎక్కించిన నగరంలోనే, అనుమానంతో తలుపేసుకున్న ఇళ్లూ ఉన్నాయి.

ఇక ఝార్ఖండ్ అడవి అంచుల్లో పరిస్థితి నగరాల లెక్కకు అందదు. అక్కడ దాడి ఒక సాయంత్రంతో అయిపోయే సంగతి కాదు. తుపాకీ పట్టినవాడు వారం తిరక్కుండా మళ్లీ వచ్చి అన్నం పెట్టమంటాడు. మర్నాడు పోలీసులొచ్చి ఎవరికి అన్నం పెట్టావని అడుగుతారు. 2019 జూన్ 14న సరాయికెలా-ఖర్సావా జిల్లాలోని కుక్రూ వారపు సంతలో అయిదుగురు పోలీసులను మావోయిస్టులు చంపింది పట్టపగలు, కూరగాయలమ్మేవాళ్ల మధ్య. అలాంటి చోట చూసినవాడు చూశానని చెప్పలేడు. నగరంవాళ్లు దాన్ని సానుభూతి అనో పిరికితనమనో అంటారు. రెండూ కాదు, అది బతుకుతెరువు లెక్క.

ఆ మౌనం ఒకసారి భయంకరంగా బద్దలైంది. 2003 ఆగస్టులో తూర్పు సింహభూం జిల్లా డుమరియా బ్లాకులోని లాంగో గ్రామస్థులు తిరగబడి, విల్లంబులు, గొడ్డళ్లు, కర్రలతో తొమ్మిది మంది మావోయిస్టులను చంపేశారు. ఆ ప్రాంతంలో నాగరిక్ సురక్షా సమితి పేరుతో ఊళ్లు కూడగట్టుకున్నాయి. కొందరు దీన్ని ప్రజల వీరత్వమన్నారు. కానీ ఆ తెగింపుకు ధర కట్టింది ఎవరు? ఆ తర్వాతి రాత్రుళ్లు ఊరికి కాపలా కాసుకున్న లాంగోవాసులే. సమితికి అండగా నిలవడం సునీల్ మహతో హత్యకు ఒక కారణమని అప్పట్లో చెప్పుకున్నారు. పౌరులే ఆయుధం పట్టి తమను కాపాడుకోవాలని కోరేవాళ్లు బాగుడియా మైదానాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. రాజ్యం చేయాల్సిన కాపలా పనిని ఊరి భుజాల మీద పెట్టడం న్యాయం కాదు.

బిర్సానగర్ ఈ రెండు రకాల దగ్గరితనానికీ అవతల ఉంది. కానీ దూరానికీ తనదైన దెబ్బ ఉంటుంది. 2010 మే 28 తెల్లవారుజామున హౌరా నుంచి ముంబయి వెళ్తున్న జ్ఞానేశ్వరి ఎక్స్‌ప్రెస్ ఖరగ్‌పూర్, టాటానగర్‌ల మధ్య పట్టాలు తప్పింది. ఎదురుగా వచ్చిన గూడ్స్ బండి దాన్ని గుద్దేసింది. 140 మందికి పైగా చనిపోయారు. పట్టాలను బిగించే క్లిప్పులు తొలగించడమే కారణమని సీబీఐ తేల్చింది. ఆ తర్వాత నెలల తరబడి ఆ మార్గంలో రాత్రిపూట ప్రయాణికుల బండ్లు నడపలేదు. జంషెడ్‌పూర్ నుంచి పలాస, శ్రీకాకుళం వైపు వెళ్లడానికి ఖరగ్‌పూర్ మీదుగా పోయే దారి ఒకటి. పెళ్లికో చావుకో సొంతూరికి బయలుదేరే కుటుంబానికి ఉగ్రవాదం అంటే మారిపోయిన రైలు టైము, స్టేషన్లో గడిపిన రాత్రి. ఈ రకం నష్టం ఏ మృతుల జాబితాలోనూ చేరదు.

భయం దారి మళ్లిస్తే ఏమవుతుందో అమెరికా అనుభవం చెబుతుంది. 2001 సెప్టెంబర్ 11 తర్వాత ఎంతోమంది విమానాలు మానేసి కార్లలో దూరప్రయాణాలు చేశారు. ఆ మార్పు వల్ల తర్వాతి ఏడాదిలో అదనంగా సుమారు 1,500 మంది రోడ్డు ప్రమాదాల్లో చనిపోయారని జర్మన్ మనస్తత్వవేత్త గెర్డ్ గిగెరెంజర్ అంచనా కట్టారు. ఇంకో పరిశోధన మన ఇళ్లకు మరీ దగ్గరిది. 2013 ఏప్రిల్ 15న బోస్టన్ మారథాన్‌లో బాంబులు పేలాక అలిసన్ హోల్మన్, డానా గార్ఫిన్, రోక్సేన్ సిల్వర్ 4,675 మందిని సర్వే చేశారు. దాడి తర్వాతి వారంలో రోజుకు ఆరు గంటలు, అంతకంటే ఎక్కువ ఆ వార్తలే చూసినవాళ్లలో, పేలుడు చోట ఉన్నవాళ్లలో కంటే తీవ్రమైన మానసిక ఒత్తిడి లక్షణాలు కనిపించాయి. టీవీ ముందు కూర్చున్నవాడికి చేయడానికి పనేమీ లేదు, చూడడం తప్ప. చేతికి పని దొరికినవాడికి భయం కాస్త తగ్గుతుంది. చేతులు కట్టుకుని చూసేవాడికి అది పెరుగుతుంది, పెరిగి తిట్టడానికి ఒక మనిషిని వెతుక్కుంటుంది.

2025 ఏప్రిల్ 22 తర్వాత ఆ వెతుకులాట దేశమంతా కనిపించింది. పహల్గాం బైసరన్ మైదానంలో ఉగ్రవాదులు 26 మందిని చంపారు. చనిపోయినవారిలో విశాఖవాసి ఒకరు, కావలికి చెందిన ఇంజనీరు ఒకరు, హైదరాబాద్‌లో పనిచేస్తున్న నిఘా విభాగం అధికారి ఒకరు ఉన్నారు. ఆ అధికారి కుటుంబం ఉండే ఝాల్దా, ఝార్ఖండ్ సరిహద్దును ఆనుకున్న పురూలియా జిల్లా పట్టణం. తెలుగు నేలకూ ఈ ప్రాంతానికీ దుఃఖం ఒకేసారి వచ్చింది. దాడి చోట పర్యాటకులను కాపాడబోయి ఒక గుర్రం నడిపే కశ్మీరీ ప్రాణం పోగొట్టుకున్నాడు. స్థానికులు గాయపడినవాళ్లను మోసుకొచ్చారు. దూరంగా ఉన్న ఊళ్లలో మాత్రం కశ్మీరీ విద్యార్థులను బెదిరించారు. ముస్లింల మీద, కశ్మీరీల మీద పగ వద్దన్న పాపానికి, భర్తను కోల్పోయిన ఒక నవవధువును సామాజిక మాధ్యమాల్లో దూషించారు. దేశవిభజన వేళ వలస వచ్చిన సింధీ హిందూ కుటుంబం 1953లో హైదరాబాద్‌లో మొదలుపెట్టిన కరాచీ బేకరీ మీద కూడా ఆగ్రహం మళ్లింది. విశాఖలో పేరు మార్చమని నిరసన తెలిపారు, శంషాబాద్‌లో బోర్డు పగలగొట్టారు. విభజనలో ఇల్లు పోగొట్టుకున్నవాడి గుర్తునే శత్రువు గుర్తుగా చూడడం కంటే గుడ్డితనం ఇంకేముంటుంది?

జంషెడ్‌పూర్ ఈ గుడ్డితనాన్ని ఇంకా దగ్గరగా చూసింది. అందుకు ఉగ్రదాడి కూడా అవసరం లేకపోయింది. 2017 మేలో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారన్న కబురు వాట్సాప్‌లో సింహభూం జిల్లాలంతా పాకింది. మే 18న సరాయికెలా వైపు శోభాపూర్ ప్రాంతంలో నలుగురు పశువుల వ్యాపారులను, అదే రోజు రాత్రి జంషెడ్‌పూర్‌ను ఆనుకున్న బాగ్‌బేడా నాగాడీలో ఇద్దరు అన్నదమ్ములను, వారి స్నేహితుణ్ని గుంపులు కొట్టి చంపాయి. నాగాడీలో గుర్తింపు కార్డులు తెప్పించి చూపినా గుంపు వినలేదు. అన్నదమ్ములను కాపాడబోయిన వారి నానమ్మ కూడా గాయాలతో తర్వాత కన్నుమూసింది. నిరసనలు ఉద్రిక్తంగా మారి నగరంలోని మాన్గో ప్రాంతంలో కర్ఫ్యూ పెట్టాల్సి వచ్చింది.

నాగాడీ గుంపునూ గోకుల్ చాట్ గుంపునూ పక్కపక్కన పెట్టి చూడాలి. రెండూ సామాన్యులవే. ఒక గుంపు ముందు నిజమైన గాయముంది, ఇంకో గుంపు ముందు కబురు మాత్రమే ఉంది. గాయం కళ్లెదుట ఉన్నప్పుడు జనం మనిషిని చూశారు. కబురు మాత్రమే ఉన్నప్పుడు పరాయివాణ్ని చూశారు. బిర్సానగర్ వంటి బస్తీకి ఈ తేడా ప్రాణాధారం. అన్ని భాషలవాళ్లూ ఉన్నచోట, యాజమాన్య పట్టాలు తేలని ఇళ్లున్నచోట, ఏదో ఒక జోన్‌లో ఎవరో ఒకరు ఎప్పుడూ పరాయివాళ్లే. దాడి జరిగిన ప్రతిసారీ పోలీసులు కిరాయిదారుల వివరాలడుగుతారు. కాగితం లేనివాడు ముందు అనుమానానికి గురవుతాడు. అలాంటప్పుడు ‘ఈయన మా వీధివాడే’ అని చెప్పగల టీచరో, గుడి కమిటీ పెద్దో, చర్చి పాస్టరో, మసీదు ఇమామో, కంపెనీ యూనియన్ మనిషో వీధిలో ఉండడం ఏ కెమెరా కంటే ఎక్కువ రక్షణ. వాళ్లు ఒకరి నంబరు ఒకరి దగ్గర ఉంచుకోవడం దాడి తర్వాత మొదలుపెట్టే పని కాదు.

దూరాన ఉన్నవాడి చేతికి పని ఇవ్వడానికి జంషెడ్‌పూర్‌లో ఒక సంప్రదాయం సిద్ధంగా ఉంది. స్వచ్ఛంద రక్తదానానికి పేరుపొందిన నగరం అది. ధాత్కీడీలో రక్తనిధి ఉంది. అయితే ఇక్కడా తొలి ఆవేశం దారి తప్పగలదు. సెప్టెంబర్ 11 తర్వాత అమెరికాలో లక్షల యూనిట్ల రక్తం అదనంగా పోగైంది, బాధితులకు వాడింది మూడు వందల యూనిట్ల లోపే. నిల్వ గడువు దాటి చాలా రక్తం పారబోయాల్సి వచ్చింది. ఎర్రకణాలను నిల్వ ఉంచగలిగేది దాదాపు ఆరు వారాలు, ప్లేట్‌లెట్లను అయిదు రోజులు. కాబట్టి దాడి వార్త విన్న రాత్రి బిర్సానగర్ యువకులంతా ఒకేసారి రక్తనిధి ముందు బారులు తీరడం కంటే, జోన్లవారీగా పేర్లు రాసుకుని, అడిగినప్పుడు వంతుల ప్రకారం వెళ్లడం మేలు. శస్త్రచికిత్సలు మొదటి రాత్రితో అయిపోవు. కాలిన గాయాలకు, విరిగిన ఎముకలకు వారాల తర్వాత కూడా రక్తం కావాలి. అప్పటికి టీవీ ఇంకో వార్తకు వెళ్లిపోయి ఉంటుంది.