సామాజిక జాల విశ్లేషణ: నెల్లూరు సీమ ఉదాహరణగా

మనుషుల్ని బిందువులుగా, వారి మధ్య సంబంధాలను గీతలుగా రాసుకుని లెక్కగట్టే శాస్త్రం సామాజిక జాల విశ్లేషణ. ఎవరి ఆస్తి ఎంత, ఎవరి చదువెంత అన్నది దీనికి తర్వాతి సంగతి. ఎవరు ఎవరి దగ్గర బదులు తెచ్చుకుంటారు, కష్టమొస్తే ఎవరి తలుపు తడతారు అన్నది ముందు అడుగుతుంది. 1934లో జాకబ్ మొరెనో బడిపిల్లల స్నేహాలను పటాలుగా గీశాడు. 1954లో జె.ఎ. బార్న్స్ ఈ ఆలోచనకు పరిశోధనలో స్థానం కల్పించాడు. ఆయన అధ్యయనం చేసింది నార్వేలోని బ్రెమ్నెస్ అనే చేపల వేట ఊరిని.

ఈ పద్ధతులు నేర్చుకునే తెలుగువారికి నెల్లూరు సారా వ్యతిరేక ఉద్యమం కన్నా మంచి ఉదాహరణ దొరకదు. 1991లో జిల్లాలో ‘అక్షర దీపం’ సాక్షరతా కార్యక్రమం మొదలైంది. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు సారాను ఊళ్లోకి రానివ్వకుండా అడ్డుకున్నారు. వర్ధినేని రోశమ్మ పేరు ఆ పోరాటంతోనే రాష్ట్రమంతా తెలిసింది. దూబగుంట ఆడవాళ్ల కథ ‘ఆడవాళ్లు ఏకమైతే’ అన్న పాఠంగా వాచకంలోకి ఎక్కింది. 1992లో ఊరూరా సారాకొట్లు మూతపడ్డాయి, సారా వేలంపాటలు పదేపదే వాయిదా పడ్డాయి. ప్రభుత్వం 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించింది. ఒక ఊరి తెగింపు ఇన్ని ఊళ్లకు ఎలా పాకింది? జాల విశ్లేషణ పుట్టిందే ఇలాంటి ప్రశ్నల కోసం.

లెక్క చిన్నదానితో మొదలుపెట్టాలి. మైపాడు వైపు ఒక పట్టపుపాళెంలో (మత్స్యకారుల ఊళ్లో) ముగ్గురు ఆడవాళ్లు, లోపలి ఊళ్లో మరో ముగ్గురు ఉన్నారనుకుందాం. ఎక్కడివాళ్లక్కడ ముగ్గురూ ఒకరికొకరు బాగా తెలుసు. చేపలగంప నెత్తిన పెట్టుకుని తిరిగే ఏడో మనిషికి పాళెంలో ఒకరు, ఊళ్లో ఒకరు మాత్రమే తెలుసు. మొత్తం ఏడు బిందువులు, ఎనిమిది గీతలు. ఏడుగురి మధ్య 21 గీతలకు వీలుంది కాబట్టి సాంద్రత 8/21, అంటే సుమారు 0.38. పరిచయాలు లెక్కేస్తే చేపలామెవి రెండే. ఇటు ముగ్గురిలో ఎవరి మాటైనా అటు ముగ్గురికి చేరాలంటే మాత్రం ఆమె మీదుగానే పోవాలి. అలాంటి జతలు తొమ్మిది. మిగతా ఆరుగురి మధ్య ఉన్న జతలు 15 గనుక ఆమె మధ్యవర్తిత్వ విలువ 9/15, అంటే 0.6. ఏడుగురిలో అదే పెద్దది. లింటన్ ఫ్రీమన్ 1977లో ఈ కొలతను సూత్రంగా రాశాడు. అంతకు నాలుగేళ్ల ముందే మార్క్ గ్రానోవెటర్, కొత్త కబురు దగ్గరివాళ్ల కన్నా ముఖపరిచయస్తుల ద్వారానే ఎక్కువగా వస్తుందని వాదించాడు.

చాలామంది విద్యార్థులు ఇక్కడే ఆగిపోతారు. అసలు చిక్కు ఆ తర్వాత ఉంది. కబురు వేరు, సారా కాంట్రాక్టరుకు ఎదురు నిలవడం వేరు. కబురు ఒక్కరు చెప్పినా చాలు. కొట్టు మూయించడానికి వెళ్లాలంటే తనకు తెలిసినవాళ్లు కనీసం ఇద్దరైనా ముందే కదిలి ఉండాలి అనుకుందాం. పై పటంలో పాళెంవాళ్లు ముగ్గురూ కదిలినా చేపలామె కదలదు, ఆమెకు అటువైపు తెలిసింది ఒక్కరే. ఆమె కదలకపోతే ఊరూ కదలదు. మాటను దాటించిన వంతెనే తెగింపును ఆపేసింది. డేమన్ సెంటోలా, మైకేల్ మేసీ 2007లో నిరూపించింది ఈ తేడానే.

మరి నెల్లూరులో తెగింపు ఎలా దాటింది? పటంలో మనుషుల్ని మాత్రమే పెడితే జవాబు కనబడదు, ‘అక్షర దీపం’ రాత్రిబడులనూ పెట్టాలి. అడ్డువరసల్లో ఆడవాళ్లు, నిలువువరసల్లో బడులు. వెళ్లినచోట 1, వెళ్లనిచోట 0. ఆ మాత్రికను, దాన్నే అడ్డం నిలువుగా తిప్పిన మాత్రికతో గుణిస్తే ఏ ఇద్దరు ఎన్నిచోట్ల కలిశారో వస్తుంది. 1941లో అచ్చయిన ‘డీప్ సౌత్’ గ్రంథంలో అమెరికాలోని 18 మంది మహిళలు, 14 వేడుకల పట్టిక ఉంది. ప్రపంచమంతా విద్యార్థులు ఈ గుణకారాన్ని దానిమీదే నేర్చుకుంటారు. రాత్రిబడిలో పాఠం ఒక్కొక్కరి చెవిన వేరువేరుగా పడదు. పక్కపక్కన కూర్చున్నవాళ్లంతా ఒకేసారి వింటారు, పక్కామె ఏమనుకుంటుందో కూడా అక్కడే తెలిసిపోతుంది. రెండో మనిషి కోసం ఎదురుచూడాల్సిన పని తప్పుతుంది. నెల్లూరు ఉద్యమాన్ని ఇలా చదవడమే సబబనిపిస్తుంది. అక్షరాలు వచ్చినందుకే ఆడవాళ్లు తిరగబడ్డారన్న మాట సగం నిజమే.

సూత్రాల కన్నా కష్టమైనది సమాచార సేకరణ. నెల్లూరు పల్లెల్లో పెంచలయ్యలు, పెంచలమ్మలు వీధికొకరు. ఇద్దరు పెంచలమ్మల్ని పొరపాటున ఒక్కరిగా రాసుకుంటే పటంలో లేని వంతెన ఒకటి పుట్టుకొస్తుంది, మధ్యవర్తిత్వం లెక్కంతా తలకిందులవుతుంది. ఇంటిపేరు, వీధి రాసుకుని మనిషికో అంకె ఇవ్వడం మొదటి పని. ప్రశ్న అడగడంలోనూ మెలకువ కావాలి. ‘మీ స్నేహితులెవరు’ అంటే మర్యాదకు నాలుగు పేర్లు చెబుతారు. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తదితరులు కర్ణాటకలో 75 ఊళ్లలో అడిగినవి వేరు: కిరోసినో బియ్యమో ఎవరి దగ్గర బదులు తెస్తారు, గుడికి ఎవరితో వెళ్తారు, సలహా ఎవర్ని అడుగుతారు. వాటిలో 43 ఊళ్లకు చిన్న రుణాల సంస్థ వెళ్లింది. మొదట కబురందినవారు జాలంలో కీలకస్థానంలో ఉన్న ఊళ్లలో ఎక్కువమంది చేరారని 2013లో తేల్చారు.

పెద్ద జాలాలకు నెట్‌వర్క్‌ఎక్స్, ఐగ్రాఫ్, గెఫీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. మాత్రికలు, సంభావ్యత వచ్చినవారికి ఇవి కొరుకుడుపడతాయి. అయితే ఒకరి గీత ఇంకొకరి గీత మీద ఆధారపడుతుంది కాబట్టి మామూలు గణాంక పరీక్షలు ఇక్కడ పనికిరావు, వేరే నమూనాలు నేర్చుకోక తప్పదు.

సారా ఉద్యమం వెనువెంటే జిల్లాలో రోజుకో రూపాయి దాచే ‘పొదుపు లక్ష్మి’ సంఘాలు వెలిశాయి. సభ్యుల పేర్లు, హాజరు, తీసుకున్న అప్పులు ఉండే సంఘం పుస్తకం దాదాపు తయారైన మాత్రికే. సమావేశంలో ఎవరు మాట్లాడారు, ఎవరు ఊరుకున్నారు అన్నది మాత్రం అందులో ఉండదు. అది అక్కడ కూర్చుని రాసుకోవలసిందే. రాసుకున్నది బయటపెట్టేముందు పేర్లు తీసేస్తే సరిపోదు. చిన్న ఊళ్లో గీతల తీరు చూసే ఏ బిందువు ఎవరో పోల్చుకుంటారు, ఎవరు ఎవరికి బాకీ ఉన్నారో అప్పులిచ్చేవాడికి సులువుగా తెలిసిపోతుంది.