కణ్మాయిలో తొలి కెండై చేప: కొత్తగా గాలం పట్టేవారు తెలుసుకోవలసిన విషయాలు

విరుదునగర్ జిల్లా తిరుచుళి తాలూకాలోని నరికుడి, శివగంగ, రామనాథపురం జిల్లాల సరిహద్దుకు చేరువలో ఉన్న పంచాయతీ యూనియన్ కేంద్రం. మానామదురై–విరుదునగర్ రైలు మార్గంలో ఇదొక స్టేషన్. ఏడాది పొడవునా పారే నది ఈ ప్రాంతంలో లేదు. ఈశాన్య ఋతుపవనాల వర్షాలు కురిసే అక్టోబర్ నుండి డిసెంబర్ వరకు నిండే చెరువులే ఇక్కడి సేద్యానికీ, పశువులకూ, చేపలకూ ఆధారం. తమిళంలో ఈ చెరువును కణ్మాయి అంటారు. నీరు నిండిన నెలల్లో గట్టున కూర్చుని గాలం వేయడం పిల్లలకూ పెద్దలకూ ఇష్టమైన కాలక్షేపం. అందులో తొలిసారి కెండై చేపను పట్టాలనుకునేవారికి అవసరమైన వివరాలు ఇక్కడ పొందుపరచబడ్డాయి. కెండై వెంటపడి పట్టే చేప కాదు. అది తిరిగే చోటు తెలుసుకొని, మేత చూపి, ఓపికగా రప్పించుకోవలసిన చేప. ఆ ఓపికతోపాటు నీటి పట్ల జాగ్రత్త కూడా ఉండాలి.

కెండై అంటే ఏ చేప?

తమిళంలో కెండై అనే మాట పలు రకాల చేపలకు వర్తిస్తుంది. చెరువుల్లో పెంచే ముఖ్యమైన కెండై జాతులు ఆరు. బొచ్చె (కట్లా), శీలావతి (రోహు), మోసు (మృగాల్) మన దేశపు నదుల్లో పుట్టినవి. బంగారు తీగ (తమిళంలో సాదా కెండై), గడ్డి చేప (పుల్ కెండై), వెండి చేప (వెళ్ళి కెండై) విదేశాల నుండి వచ్చినవి. బంగారు తీగను 1939లో సింహళం నుండి నీలగిరికి తెచ్చారు. గడ్డి చేప, వెండి చేప 1959లో మన దేశానికి చేరాయి. పాండ్యుల రాజచిహ్నం చేప కావడాన్ని బట్టి ఈ సీమలో చేపకున్న ప్రాచీన గౌరవం తెలుస్తుంది.

కొత్తవారి గాలానికి తరచుగా మొదట చిక్కేది జిలేబి కెండై. పేరులో కెండై ఉన్నా అది ఆ జాతికి చెందదు. 1952లో మన దేశానికి తెచ్చిన తిలాపియా అది. దాని వీపు రెక్క పొడవునా పదునైన ముళ్లు వరుసగా ఉంటాయి. అసలైన కెండైల వీపు రెక్క మెత్తగా ఉంటుంది; బంగారు తీగకు మాత్రం ఆ రెక్క మొదట్లో రంపపు పళ్లున్న గట్టి ముల్లు ఉంటుంది. కెండైల దవడల్లో పళ్లుండవు. మేతను నమిలే పళ్లు గొంతులో ఉంటాయి. అందుకే అవి ఎరను కరవకుండా పీల్చుకుంటాయి.

ఏ చేప ఏ లోతులో మేస్తుందో దాని నోరే చెబుతుంది. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది. అది నీటి పైభాగంలో మేస్తుంది. శీలావతి నడిమి నీటిలో తిరుగుతుంది. మోసు, బంగారు తీగల నోళ్లు కిందికి తిరిగి ఉంటాయి. అవి అడుగు బురదను కెలికి మేత వెతుకుతాయి. బంగారు తీగను నోటి పక్కనున్న రెండు జతల మీసాలను బట్టి గుర్తించవచ్చు. గాలానికి తేలికగా అలవడేది బంగారు తీగ కాబట్టి కొత్తవారు దానితో మొదలుపెట్టడం మేలు.

చెరువులోని చేప ఎవరిది?

బొచ్చె, శీలావతి, మోసు పారే నదుల్లో వరద కాలంలో గుడ్లు పెడతాయి. నిలువ నీటి చెరువులో సాధారణంగా పెట్టవు. 1957లో హీరాలాల్ చౌధురి, అలికున్హి ఒడిశాలో ఈ చేపలకు హార్మోను సూది ద్వారా గుడ్లు పెట్టించడంలో సఫలులైన తరువాతనే చెరువులకు కావలసినంత పిల్ల దొరకసాగింది. కాబట్టి కణ్మాయిలో కనిపించే బొచ్చె గాని, శీలావతి గాని ఎవరో డబ్బు పెట్టి కొని వదిలిన పిల్ల పెరిగినదే అయి ఉంటుంది.

తమిళనాడులో పెద్ద చెరువులు జలవనరుల శాఖ కిందను, చిన్నవి పంచాయతీ యూనియన్ల కిందను ఉంటాయి. చేపల హక్కును వేలం వేసి గుత్తకు ఇవ్వడం ఆనవాయితీ. దీనినే తమిళంలో మీన్ పాసి కుత్తగై అంటారు. గుత్తకు పోయిన చెరువులో గుత్తదారు అనుమతి లేకుండా గాలం వేయరాదు. అది ఒక కుటుంబపు పెట్టుబడి అన్న సంగతి పిల్లలకు ముందే చెప్పాలి. ముందుగా అడిగితే గాలపు కర్రకు అభ్యంతరం చెప్పని గుత్తదారులూ ఉంటారు. అడగకుండా వేసిన గాలం ఊళ్లో తగవుకు దారి తీస్తుంది. తోటాలు పేల్చి గాని, విషం కలిపి గాని చేపలు పట్టడం 1897 నాటి చేపల చట్టం ప్రకారం నేరం.

వేసవిలో నీరు అడుగంటినప్పుడు జరిగే మీన్‌పిడి తిరువిళా వేరు. ఆనాడు ఊరివారందరూ ఒకేసారి చెరువులో దిగి ఊతలతోను, వలలతోను, వట్టి చేతులతోను చేపలు పడతారు. దొరికిన దానిని అమ్మకుండా ఇంటికి తీసుకువెళ్లి వండుకోవడం ఆచారం.

కావలసిన సామగ్రి

పది, పన్నెండు అడుగుల ఎండు వెదురు కర్ర, నైలాన్ దారం (తమిళంలో నరంబు), బెండు, చిన్న సీసపు గుండ్లు, కొక్కేలు ఉంటే చాలు. దారం 0.30 మి.మీ. మందం ఉండాలి. కొక్కెం 6 లేదా 8వ నంబరు సరిపోతుంది. నంబరు పెరిగేకొద్దీ కొక్కెం చిన్నదవుతుందని గుర్తుంచుకోవాలి. కొక్కెం లోపలి ఎదురు ముల్లును పటకారుతో నొక్కివేస్తే చేపను వదలడం తేలిక. పొరపాటున వేలికి గుచ్చుకున్నా సులువుగా వస్తుంది.

రీల్ లేని కర్రతో కిలో లోపు చేపను ఒడ్డుకు తేవచ్చు. అంతకు మించిన చేప దారం తెంపగలదు కాబట్టి పెద్ద చేపలున్న నీటిలో రీల్ అవసరం. రీల్ బిగువును సరిచేసి, చేప గట్టిగా లాగితే దారం వదిలేటట్లు ఉంచుకోవాలి. పిడి ఉన్న చిన్న వల ఒకటి దగ్గర ఉండాలి. గట్టు అంచున చేజారిపోయే చేపలు ఎన్నో దాని వలన దక్కుతాయి.

ఎర, మేత

చేపల చెరువుల్లో తవుడు, వేరుశనగ చెక్క మేతగా వేస్తారు. ఆ వాసనకు కెండై అలవాటు పడి ఉంటుంది. గోధుమ పిండిలో వేరుశనగ చెక్క పొడి కలిపి, చపాతీ ముద్ద కంటె కొంచెం గట్టిగా పిసికి, శనగ గింజంత ఉండ కొక్కేనికి అమర్చాలి. వానపాము మంచి ఎరే అయినా దానికి జిలేబి కెండై, జెల్ల ముందుగా వస్తాయి. మొక్కజొన్న గింజలను ఒక రోజు నానబెట్టి మెత్తగా ఉడికించి వాడితే చిన్న చేపల బెడద తగ్గుతుంది. ఎండు గింజలను నీటిలో వేయరాదు; చేప కడుపులో అవి ఉబ్బుతాయి.

ఎర కంటె ముందు మేత వేయాలి. తవుడు, చెక్క పొడి తడిపి నారింజ పండంత ముద్దలు రెండు మూడు చేసి, ఎంచుకున్న ఒకే చోట వేయాలి. వరుసగా రెండు మూడు రోజులు అదే వేళకు వేస్తే చేపలు ఆ చోటికి అలవాటు పడతాయి. ఎక్కువ వేస్తే మేత కుళ్లి నీరు చెడుతుంది. కడుపు నిండిన చేప ఎరను ముట్టదు.

చోటు, వేళ

జనవరి నుండి మార్చి వరకు ఇక్కడి చెరువుల్లో గాలానికి అనువైన కాలం. తెల్లవారుజామున, పొద్దు గుంకే వేళ చేపలు ఒడ్డుకు దగ్గరగా వస్తాయి. మార్గళి నెల చలిలో మాత్రం ఎండ కొంత ఎక్కిన తరువాత మేత మొదలుపెడతాయి. అడుగు నుండి గుంపుగా బుడగలు లేవడం, నీరు ఒక్కచోట బురదగా మారడం, గడ్డి కాడలు గాలి లేకుండానే కదలడం కెండై మేస్తున్నదనడానికి గుర్తులు. సీమై కరువేలం (సర్కారు తుమ్మ) చెట్లు నీటిలో మునిగి ఉన్న చోట దారం చిక్కుపడుతుంది. దాని ముళ్లు కాలిలో దిగుతాయి. అటువంటి చోటు కొత్తవారికి తగదు.

ముందుగా దారానికి బరువైన గుండు కట్టి లోతు కొలవాలి. బంగారు తీగ కోసమైతే ఎర అడుగును తాకేటట్లు బెండును జరపాలి. శీలావతి కోసమైతే నడిమి నీటిలో ఉంచాలి. గట్టుపై అడుగుల చప్పుడు నేల ద్వారా నీటిలోకి పోతుంది కాబట్టి కదలకుండా కూర్చోవాలి.

బెండు చెప్పే మాట

బెండు ఊగితే వెంటనే లాగడం కొత్తవారి అలవాటు. అప్పుడు చేప ఎరను తాకి చూస్తున్నదే తప్ప నోట పెట్టుకోలేదు. అడుగున మేసే చేప ఎరను ఎత్తినప్పుడు బెండు పైకి లేచి పక్కకు వాలుతుంది. తరువాత ఒక వైపుగా జారుతూ మునుగుతుంది. ఆ జారుడు కనిపించినప్పుడు మణికట్టుతో కర్రను మెత్తగా, స్థిరంగా పైకి ఎత్తాలి.

కొక్కెం తగిలిన కెండై తొలి పరుగు బలంగా తీస్తుంది. కర్రను నిలువుగా పట్టి, దాని వంపుతోనే చేపను అలసిపోనివ్వాలి. దారం సడలరాదు, బలవంతంగా లాగనూ రాదు. చేప పక్కకు వాలిన తరువాత వలను ముందే నీటిలో ముంచి, చేపను దాని మీదికి నడిపించాలి. చేతులు తడిపి పట్టుకోవాలి. పొడి చేతులు పొలుసుల మీది జిగురు పొరను తీసివేస్తాయి. అడుగు కంటె పొట్టి చేపను తిరిగి నీటిలో వదలడం మంచిది. బాగా మేపిన చెరువులో బొచ్చె ఏడాదిలో దాదాపు కిలో బరువుకు పెరుగుతుంది.

నీటి దగ్గర జాగ్రత్తలు

కణ్మాయిల్లో మట్టి తవ్విన గోతులు నీరు నిండితే కనిపించవు. మోకాటి లోతున నడిచేవాడు మరుసటి అడుగులో మునిగిపోవచ్చు. చేప కర్రను లాక్కుపోతే దాని వెనుక నీటిలోకి దిగడమే పిల్లలు చేసే పొరపాటు. కర్ర పోతే పోనివ్వాలని బయలుదేరేముందే చెప్పాలి. పెద్దలు తోడు లేకుండా పిల్లలను పంపరాదు. మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ డబ్బాకు పొడవైన తాడు కట్టి గట్టున ఉంచుకోవాలి. ఎవరైనా మునుగుతుంటే ఈత సరిగా రానివారు దూకక, దానిని విసిరి లాగాలి.

ఉరుములు వినిపిస్తే గట్టు దిగి ఇంటికి పోవాలి. విద్యుత్ తీగల కింద గాలపు కర్ర ఎత్తరాదు; తడిసిన వెదురుకూ, కార్బన్ కర్రకూ విద్యుత్ పారుతుంది. కొక్కెం లోతుగా గుచ్చుకుంటే లాగక, సమీప ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించి ధనుర్వాతపు సూది వేయించుకోవాలి.

ఇంటికి తెచ్చిన తరువాత

చేపను శుభ్రం చేసేటప్పుడు కాలేయం పక్కన ఆకుపచ్చని పిత్తపు తిత్తి కనిపిస్తుంది. దానిని చిట్లకుండా తీసి పారవేయాలి. కంటి చూపుకు, ఒంటి నొప్పులకు మందని కొందరు దానిని పచ్చిగా మింగుతారు. శీలావతి, గడ్డి చేప వంటి కెండైల పిత్తంలోని విషం కాలేయాన్నీ, మూత్రపిండాలనూ దెబ్బతీస్తుంది. ఉడికించినా ఆ విషం పోదు. మింగినవారికి వాంతులు, విరేచనాలు పట్టి మూత్రం తగ్గితే ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

కెండై మాంసంలో రెండు కొనలుగా చీలిన సన్నని ముళ్లు ఉంటాయి. ముక్కల మీద దగ్గర దగ్గరగా గాట్లు పెట్టి వేయిస్తే అవి చాలావరకు మెత్తబడతాయి. అయినా చిన్నపిల్లలకు ముల్లు ఏరి పెట్టాలి. బురద వాసన పోవడానికి ఉప్పు, పసుపు పట్టించి, చింతపండు పులుసులో కొంతసేపు ఉంచి కడగాలి.