ఇవ్వడమే నేరమైన కాలం నుంచి ఉచిత ఆల్బమ్ దాకా



పోయిన దండారి అయిపోయాక మన గ్రూపులో ఒక గొడవ నడిచింది, గుర్తుందా? మన తమ్ముళ్లు ఫోన్లో తీసిన గుస్సాడీ వీడియోని ఎవరో బయటి ఛానల్ వాళ్లు ఎత్తుకుపోయి, మీద వాళ్ల లోగో వేసి, కింద డీజే బీటు కలిపి పెట్టుకున్నారు. ఆడినవాళ్ల పేర్లు లేవు, ఊరి పేరు లేదు. ఇకనుంచి ఏదీ నెట్‌లో పెట్టొద్దని కొందరన్నారు. పెట్టకపోతే మన పాట మన పిల్లలకే తెలియకుండా పోతదని ఇంకొందరన్నారు. ఆ మాట అట్లనే తెగకుండా ఆగిపోయింది.

ఇదే చిక్కును మనకంటే ముందు చూసినవాళ్ల కథ ఒకటి మాకు దొరికింది. కెనడాలోని ఆదివాసులది. కొంచెం పొడుగే, ఓపిక పట్టండి.

కెనడా రాజధాని ఒట్టావాకు చదువుకనో పనికనో రిజర్వులు వదిలి వచ్చిన ఆదివాసీ పిల్లలు చాలామంది ఉంటారు. రిజర్వు అంటే ప్రభుత్వం ఆదివాసుల కోసమని గీత గీసి పెట్టిన భూమి.  2008 ప్రాంతంలో కొందరు ఆదివాసీ డీజేలు అక్కడి ఒక క్లబ్బులో 'ఎలక్ట్రిక్ పౌవౌ' పేరుతో రాత్రి కార్యక్రమాలు మొదలుపెట్టారు. పౌవౌ అంటే వాళ్ల జాతర. పెద్ద డప్పు చుట్టూ నలుగురైదుగురు, ఒక్కోసారి పదిమంది కూర్చుని, అందరూ ఒకే దెబ్బ కొడుతూ గొంతెత్తి పాడతారు. ఈ డీజేలు ఆ డప్పు కింద క్లబ్బు బీటు వేశారు. పిల్లలు విరగబడి వచ్చారు. అట్ల పుట్టిందే 'ఎ ట్రైబ్ కాల్డ్ రెడ్' బృందం. ఆ తర్వాత 2021లో పేరు మార్చుకుని 'ది హలూసినేషన్' అయింది.

2012లో వాళ్లు తమ మొదటి ఆల్బమ్‌ను నెట్‌లో ఉచితంగా పెట్టేశారు. రూపాయి ఇచ్చేది లేదు, ఎవరైనా దింపుకోవచ్చు. అదే ఏడు కెనడాలో పేరున్న పొలారిస్ సంగీత బహుమతి తొలి జాబితాలో ఆ ఉచిత ఆల్బమ్ చేరింది. 2014లో జూనో అవార్డు కూడా వచ్చింది.

ఉచితంగా పెట్టడం వాళ్లు కనిపెట్టింది కాదు. 2007 అక్టోబరులో ఇంగ్లండ్ బ్యాండ్ రేడియోహెడ్ 'ఇన్ రెయిన్‌బోస్' ఆల్బమ్‌ను మీకు నచ్చిన ధర ఇవ్వండి, ఏమీ ఇవ్వకపోయినా పర్లేదు అని నెట్‌లో పెట్టింది. 2008 మేలో అమెరికా బ్యాండ్ నైన్ ఇంచ్ నెయిల్స్ 'ది స్లిప్' ఆల్బమ్‌ను పూర్తిగా ఊరికే ఇచ్చింది. పత్రికలన్నీ వీళ్లనే పొగిడాయి. నిజం చెప్పాలంటే కడుపు నిండినవాళ్లు ఇవ్వడం అంత కష్టం కాదు. ఏళ్ల తరబడి కంపెనీల డబ్బుతో పేరు తెచ్చుకున్నాక, ఒక ఆల్బమ్ ఊరికే ఇచ్చినా టికెట్లు అమ్ముడుపోతాయి. హిప్‌హాప్ పిల్లల 'మిక్స్‌టేపు' పద్ధతి దీనికంటే పాతది. కంపెనీ తలుపు తీయదని తెలిసి, టేపులు చేసి వీధిలో పంచేవాళ్లు. ఆ దారిలోనే వచ్చిన షికాగో కుర్రాడు చాన్స్ ది రాపర్ పాటలను అమ్మకానికి పెట్టకుండానే 2017లో గ్రామీ గెలిచాడు.

అయితే ఆదివాసీ బృందం ఇవ్వడంలో ఇంకో లోతుంది. అది తెలియాలంటే చాలా వెనక్కి పోవాలి.

కెనడా పడమటి తీరంలోని ఆదివాసులకు 'పాట్‌లాచ్' అనే పండుగ ఉంది. పెళ్లి, పేరు పెట్టడం, చావు, పెద్దరికం చేతులు మారడం, దేనికైనా ఊళ్లకు ఊళ్లను పిలిచి, పాటలు పాడి, ఆడి, వచ్చినవాళ్లందరికీ వస్తువులు పంచేవాళ్లు. ఎక్కువ దాచుకున్నవాడు కాదు, ఎక్కువ ఇచ్చినవాడే అక్కడ పెద్ద. మన దండారి బృందం ఊరికి వస్తే ఆ ఊరు మొత్తం వంటలు చేసి పెట్టడం చూసినవాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు.

1884లో కెనడా ప్రభుత్వం 'ఇండియన్ చట్టం' సవరించి పాట్‌లాచ్‌ను నిషేధించింది. మరుసటి ఏడు నుంచి అమలు. శిక్ష రెండు నుంచి ఆరు నెలల జైలు. 1895లో ఆ నిషేధాన్ని ఇంకా సాగదీసి, డబ్బుగానీ వస్తువులుగానీ పంచిపెట్టే ఏ పండుగైనా, ఏ నాట్యమైనా నేరమే అన్నారు. ఆ చట్టం రాసిన పెద్దలకు వచ్చిన భయమేందంటే, ఆస్తి పోగేసుకోనివాడు 'నాగరికుడు' కాడట! 1914లో, పడమటి రాష్ట్రాల్లో ఆదివాసులు తమ వేషంలో రిజర్వు బయట ఆడాలంటే అధికారి అనుమతి కావాలన్నారు. 1921 డిసెంబరులో విలేజ్ ఐలాండ్ అనే దీవిలో ఒక పెద్ద పాట్‌లాచ్ జరిగితే 45 మందిపై కేసు పెట్టారు, ఇరవైమంది దాకా జైలుకు పంపారు. వాళ్ల ముసుగులు, నగలు, డప్పులు పట్టుకుపోయి మ్యూజియాలకు చేర్చారు. అవి కొంతైనా తిరిగి రావడానికి 1979, 1980 దాకా పట్టింది. చట్టంలోంచి ఆ నిషేధం పోయింది 1951లో.

అంటే అరవై ఏళ్లకు పైగా పాడి పంచడం నేరం. ఆ మనుషుల మనవళ్ల తరం 2012లో డప్పు పాటను లోకం మొత్తానికి పంచింది. వాళ్లు ఆ చట్టాన్ని తలుచుకునే ఆల్బమ్ ఊరికే ఇచ్చారని మేము అనడం లేదు. కొత్త బృందానికి ఉచితం ఒక దారి, అంతే కావచ్చు. కానీ తాత చేస్తే జైలు, మనవడు చేస్తే అవార్డు అన్నది చదివినప్పుడు మాకు రోమాలు నిక్కబొడుచుకున్నాయి.

ఇక్కడే ఇంకో కథ. ఒకవైపు పాటలను నిషేధిస్తున్న రోజుల్లోనే, ఇంకోవైపు పండితులు అవే పాటలను పట్టుకుపోతున్నారు. 1890 మార్చిలో జెస్సీ ఫ్యూక్స్ అనే ఆయన అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో పాసమాక్వాడీ ఆదివాసుల పాటలను మైనపు సిలిండర్ల మీద రికార్డు చేశాడు. ఆ పద్ధతిలో ఊళ్లకు పోయి చేసిన మొదటి రికార్డింగులు అవే. 1907 నుంచి ఫ్రాన్సెస్ డెన్స్‌మోర్ అనే ఆవిడ తెగ తెగకూ తిరిగి రెండు వేలకు పైగా సిలిండర్లు నింపింది. అంతరించిపోతున్నవాళ్ల పాటలు దాచిపెడుతున్నామనుకున్నారు. మనుషులు అంతరించలేదు, కానీ వాళ్ల పాటలు వాళ్లకు అందకుండా దూరంగా అల్మారాల్లో ఉండిపోయాయి. మన ఆదిలాబాద్‌కు 1940లలో వచ్చిన హైమెన్‌డార్ఫ్ దొర తీసిన గోండుల ఫొటోలు ఇప్పుడు లండన్‌లో ఉన్నాయి కదా, అట్లన్నమాట. ఆయన మనకు మేలు చేసినవాడే, అది వేరే సంగతి. కానీ మన తాత ముఖం చూడాలంటే లండన్ వాళ్ల వెబ్‌సైటు తెరవాలి.

కాబట్టి ఉచితం అనే ఒక్క మాటలో రెండు వేర్వేరు పనులున్నాయి. సిలిండర్లూ ఉచితమే, పాడినోళ్లకు హక్కు మిగలలేదు. ఆ ఆల్బమూ ఉచితమే, కానీ ఇచ్చింది వాళ్ల చేయి. మన వీడియో విషయంలో మండింది కూడా అందుకే. నెట్‌లో పెట్టడం మీద కాదు మన కోపం, ఎవరు పెట్టారన్నదాని మీద.

ఎ ట్రైబ్ కాల్డ్ రెడ్ తమ రెండో ఆల్బమ్ 'నేషన్ టు నేషన్'ను 2013లో ట్రైబల్ స్పిరిట్ అనే లేబుల్‌తో కలిసి తెచ్చింది. ఆ లేబుల్ పౌవౌ డప్పు బృందాల పాటలు రికార్డు చేసేది. బ్లాక్ బేర్, నార్తర్న్ వాయిస్ లాంటి బృందాల గొంతులు వాళ్ల పాటల్లో వినిపిస్తాయి, పేర్లు కూడా పాట పక్కనే ఉంటాయి. పేరు రాయడానికి ఏం ఖర్చవుతుంది చెప్పండి?

పాసమాక్వాడీల కథ ఇంకా ముందుకు పోయింది. ఆ 1890 సిలిండర్ల నకళ్లు 1980 ప్రాంతంలో వాళ్లకు తిరిగొచ్చాయి. తర్వాత శబ్దాన్ని శుభ్రం చేయించి, పెద్దమనుషులతో కూర్చుని విన్నారు. ఏ పాట లోకమంతా వినొచ్చు, ఏది తెగవాళ్లే వినాలి అని వాళ్లే తేల్చారు. అమెరికా జాతీయ గ్రంథాలయం 2018లో వాటిని నెట్‌లో పెట్టినప్పుడు తెగ చెప్పిన షరతుల గుర్తులతోనే పెట్టింది. అదే ఏడాది కెనడాలో వొలాస్తక్ తెగ గాయకుడు జెరెమీ డచర్ వాళ్ల పూర్వీకుల సిలిండర్ల గొంతులతో కలిసి పాడిన ఆల్బమ్ పొలారిస్ బహుమతి గెలిచింది. అది ఉచితం కాదు, అమ్మాడు. అమ్మడమూ అతని ఇష్టమే.

మన దగ్గరికొస్తే, గుస్సాడీ ఊరికే డ్యాన్సు కాదు, దీక్ష. అందులో అందరికీ చూపించేది ఉంది, ఊరివాళ్లకే ఉండేది ఉంది. ఏది ఏదో హాస్టల్ గదిలో కూర్చుని మేము తేల్చలేం. అందుకే మా ఫోన్లలో ఉన్న రికార్డింగులను ఈ సెలవుల్లో ఏ ఊరివి ఆ ఊరికే తీసుకుపోయి, పటేల్‌కు, పాడినవాళ్లకు వినిపించి, వాళ్లు సరే అన్నవే పేర్లతో పెడతాం. వద్దన్నవి ఆ ఊరికే ఇచ్చేసి మా ఫోన్లలోంచి తీసేస్తాం.

ఒక్క రికార్డింగ్ దగ్గర ఆగిపోయాం. అందులో పెప్రె ఊదిన తాత పేరు మాలో ఎవరూ రాసుకోలేదు. తెల్ల రుమాలు చుట్టుకుని, ఎడమ పక్కన నిలబడి ఉంటాడు. ఫొటో కింద పెడుతున్నాం. గుర్తుపట్టినవాళ్లు చెప్పండి.