బొల్లారం నుంచి గోల్కొండ దాకా: ధర్మగురువు, అధికారి, సైనిక నియమం

సైన్యంలో మతాచారం గురించి రాసే మన పరిశోధకులకు అమెరికా కేసులంటే మోజు. 1986 నాటి గోల్డ్‌మన్ యూదు టోపీ కేసు, 2006లో నౌకాదళ మతాచార్యుడు (చాప్లిన్) క్లింగెన్‌ష్మిట్ ఎదుర్కొన్న కోర్టు మార్షల్ చెప్పి, వ్యక్తి విశ్వాసం ఒక పక్క, యూనిఫాం నియమం మరో పక్క అని విడదీస్తారు. ఆ కొలబద్దనే తెచ్చి మన రెజిమెంట్ల మీద పెడతారు. అది ఇక్కడ అతకదు. మన సైన్యంలో ధర్మగురువు నియమం తరఫు మనిషి. ఆయన పూజ నియమానికి ఎన్నడూ అడ్డు రాలేదు. అడ్డొచ్చినప్పుడల్లా వచ్చింది అధికారి సొంత మతమే. ఈ వ్యాసం నిరూపించబోయేది ఇదే.

ఈ ఆలోచనకు బీజం కోకాపేటలో పడింది. నియోపోలిస్ టవర్ల గేట్ల దగ్గర కాపలా బాధ్యతల్లో రిటైరైన ఫౌజీలు కనిపిస్తారు. గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో శిక్షణ పొందినవాళ్లూ వాళ్లలో ఉన్నారు. రెజిమెంట్ గుడిలో అందరూ కలిసి చేసే పూజ, అంటే మందిర్ పరేడ్ గురించి అడిగితే పండిట్‌జీ ఏం చెప్పాడో ఎవరికీ గుర్తులేదు. సాబ్ వచ్చాడా లేదా, బూట్లూ బెల్టూ విప్పి అందరితోపాటు కింద కూర్చున్నాడా, హారతి కళ్లకద్దుకున్నాడా అన్నవి మాత్రం అందరికీ గుర్తున్నాయి. ప్రకాశం జిల్లా నుంచి వచ్చిన ఒక క్రైస్తవ హవల్దారు తాను గుడిలో కూర్చున్నందుకు ఏనాడూ ఇబ్బంది పడలేదన్నాడు. సాబ్ రాని ఆదివారాలే ఆయనకు వెలితిగా తోచాయట.

హైదరాబాద్ విషయంలో ఈ రంగంలో నైల్ గ్రీన్‌ను దాటి పోవడం కుదరదు. 2009లో వచ్చిన ఆయన గ్రంథం బ్రిటిష్ అధికారులు నడిపిన నిజాం కంటింజెంట్‌లోని ముస్లిం సిపాయిలనూ, వాళ్లు నమ్ముకున్న ఫకీర్లనూ వెలుగులోకి తెచ్చింది. కాజీపేట దర్గాలో కొలువైన అఫ్జల్ షా బియాబానీ, ఔరంగాబాద్ బన్నే మియా ఆ కథకు మూలస్తంభాలు. సిపాయికి ఫకీరు పాద్రీలాంటివాడని గ్రీన్ గుర్తించాడు. అంతదాకా వచ్చినవాడు అక్కడే ఆగిపోయాడు. ఆయన చూపంతా ఫకీరు పారవశ్యానికీ కవాతు క్రమశిక్షణకూ మధ్య ఘర్షణ మీదే. అందుకే కంటింజెంట్ కాలంతో కథ ముగిసినట్టు కనిపిస్తుంది. ఆయన వాడుకున్న ఆధారాలనే తిరగేస్తే వేరే సంగతి బయటపడుతుంది.

ఆ కంటింజెంట్ కంటోన్మెంట్ అయిన బొల్లారంలో జరిగిన ఘటనే తీసుకుందాం. 1855 సెప్టెంబరు, మొహర్రం రోజులు. దళాధిపతి బ్రిగేడియర్ కోలిన్ మెకెంజీ కరడుగట్టిన క్రైస్తవుడు. ఆదివారం ఊరేగింపులు, వాద్యాలు వద్దని ఉత్తర్వు వెలువడింది. సిపాయిల్లో అలజడి రేగేసరికి ఉత్తర్వు సడలింది. తర్వాత ఊరేగింపు ఆయన బంగళా ఆవరణలోకి వచ్చింది. మెకెంజీ స్వయంగా వెళ్లి వాళ్ల జెండాలు లాక్కున్నాడు. కాసేపటికి 3వ కావల్రీ సిపాయిలు కత్తులతో విరుచుకుపడ్డారు. ఒళ్లంతా గాయాలతో ఆయన ప్రాణాలు దక్కించుకున్నాడు. తిరుగుబాటును ఖండించిన ప్రభుత్వం మెకెంజీ తొందరపాటునూ తప్పుబట్టింది. ఇందులో కవాతు నియమాన్ని మొదట దాటింది ఏ ఫకీరు? పీర్ల జెండా మోసిన సిపాయి తన మతాన్ని అధికారి మీద రుద్దలేదు. తన ఆదివారాన్ని కంటోన్మెంట్ అంతటి మీదా రుద్దినవాడు అధికారే.

అంతకు అర్ధ శతాబ్దం ముందు హైదరాబాదే దీనికి మందు కనిపెట్టింది. నుదుటి బొట్టు, గడ్డం, తలపాగాల మీద మద్రాసు సైన్యం తెచ్చిన నియమాలు 1806 జులై 10న వేలూరులో రక్తపాతానికి దారితీశాయి. అదే నెలలో ఇక్కడి సబ్సిడియరీ దళంలోనూ నిప్పు రాజుకుంది. దళాధిపతి మాంట్రెసర్ ఆ ఉత్తర్వును వెనక్కి తీసుకున్నాడు, దళం చల్లబడింది. మాంట్రెసర్ తగ్గాడు, నిలబడ్డాడు. మెకెంజీ ఎదురెళ్లాడు, నెత్తురు కారింది. సిపాయి విశ్వాసం ముందు అధికారి తగ్గాలన్న సూత్రం ఇలా హైదరాబాద్ నేల మీదే రూపుదిద్దుకుంది.

నేటి ధర్మగురువు పదవి ఆ సూత్రానికి కట్టిన యూనిఫాం. బ్రిటిష్ చాప్లిన్ కమిషన్డ్ అధికారి. మన పండిట్, గ్రంథి, మౌల్వీ, పాద్రీ, బౌద్ధ భిక్షువు నాయబ్ సుబేదారు హోదాలో చేరతారు, పుణెలోని జాతీయ సమైక్యతా సంస్థలో శిక్షణ పొందుతారు. నియామక ప్రకటనలు చెప్పే విధులు చూడండి: యూనిట్ ప్రార్థనాలయాల్లో పూజలు, అంత్యక్రియలు, ఆసుపత్రిలో రోగులకు ఓదార్పు, శిక్ష అనుభవిస్తున్న జవాన్ల పరామర్శ. కసమ్ పరేడ్‌లో రిక్రూట్ ప్రమాణం చేసేటప్పుడు పవిత్ర గ్రంథాలతో నిలబడేదీ వీళ్లే. అంటే తనకంటే తక్కువ హోదావాడు నడిపే పూజలో అధికారి వచ్చి కూర్చోవాలి. హోదా తలకిందులయ్యే ఆ కొద్దిసేపటి మీదే రెజిమెంట్ ఐక్యత ఆధారపడి ఉంది.

క్రైస్తవుడైన లెఫ్టినెంట్ శామ్యూల్ కమలేసన్ కేసును ఈ వెలుగులో చదవాలి. 2017లో 3వ కావల్రీలో చేరి, సిక్కు స్క్వాడ్రన్‌లో ట్రూప్ లీడర్ అయ్యాడు. పరేడ్‌కు వచ్చేవాడు, బూట్లూ బెల్టూ విప్పేవాడు, అవసరమైతే తలపాగా చుట్టుకునేవాడు. గర్భగుడిలోకి మాత్రం వెళ్లనన్నాడు. 2021 మార్చిలో ఉద్యోగం పోయింది. 2025 మే 30న ఢిల్లీ హైకోర్టు, నవంబరు 25న సుప్రీంకోర్టు ఆ తొలగింపును సమర్థించాయి. ఇది మత స్వేచ్ఛకు సంబంధించింది కాదు, న్యాయమైన ఆజ్ఞను పాటించడానికి సంబంధించింది అన్నది హైకోర్టు తర్కం. లోపలికి వెళ్తే విశ్వాసానికి భంగం లేదని ఒక పాస్టరు ఆయనకు నచ్చజెప్పిన సంగతి కూడా న్యాయస్థానాల ముందు నిలిచింది. మతాచార్యుడి మాట ఇక్కడ ఆజ్ఞ పక్షాన తూగింది, విశ్వాసి పక్షాన కాదు. 1855 నాటి దళం పేరు, ఈ దళం పేరు ఒకటే కావడం యాదృచ్ఛికం, రెండింటి వంశాలు వేరు. సమస్య వంశం మాత్రం ఒక్కటే.

బడిలో జాతీయ గీతం పాడకుండా గౌరవంగా నిలబడ్డ పిల్లల పక్షాన 1986లో జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి ఇచ్చిన బిజో ఇమ్మాన్యుయేల్ తీర్పు ఇక్కడ ఎందుకు పనికిరాదని అడగవచ్చు గానీ, సైనికుల ప్రాథమిక హక్కులను పరిమితం చేసే అధికారం పార్లమెంటుకిచ్చే రాజ్యాంగం 33వ అధికరణ ఆ దారి మూసేసింది.

కాబట్టి మన సైన్యంలో లౌకికత్వమంటే అధికారికి తన కింది జవాన్ల మతమే మతం కావడం. ఈ సూత్రం బ్యారక్‌ల గోడలతో ఆగేది కాదు. దసరాకు కోకాపేట ఆఫీసుల్లో ఆయుధపూజ జరిగితే టీమ్ చూసేది మేనేజర్ నిలబడ్డ చోటునే. పనిచేసేవాళ్ల నమ్మకం ముందు తలవంచని అధికారం తెలుగు నేల మీద ఏ రంగంలోనూ నిలవదని బొల్లారం చెబుతోంది. కమలేసన్ తీర్పును వ్యక్తి స్వేచ్ఛ కోణంలో మాత్రమే విమర్శిస్తున్న న్యాయ పండితులు ముందు ఆ చరిత్రకు సమాధానం చెప్పాలి.